చోక్ వేస్తేనే నడుస్తున్న పాత స్నోమొబైల్: మెయిన్ జెట్ జోలికి వెళ్లేముందు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, డులూత్ దగ్గర 1990ల నాటి టూ-స్ట్రోక్ స్నోమొబైల్ (మంచు మీద నడిచే బండి) సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. రెండు సిలిండర్లు, రెండు మికూని కంపెనీ వీఎం రకం కార్బొరేటర్లు (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజన్‌కి పంపేవి). చోక్ వేస్తే వెంటనే స్టార్ట్ అవుతోంది, చోక్ తీసేస్తే ఆగిపోతోంది. సగం చోక్ మీదే బయటికి తీసుకెళ్తే సగం రేస్ దగ్గర గొంతు పట్టేసినట్టు లాగకుండా ఉంటోంది. ప్లగ్గులు విప్పి చూస్తే నల్లగా, తడిగా ఉన్నాయి. అది చూసి పెట్రోల్ ఎక్కువ వెళ్తోందని, మెయిన్ జెట్లు (ఫుల్ రేస్‌లో పెట్రోల్ వదిలే, సన్న రంధ్రమున్న ఇత్తడి ముక్కలు) రెండు సైజులు తగ్గించమని ఎవరో చెప్పారు. తగ్గించాలా అని మీరు అడుగుతున్నారు.

వద్దండి. దయచేసి ఆ పని చేయకండి. ప్లగ్గులు నల్లబడింది మెయిన్ జెట్ పెద్దదై కాదు, మీరు చోక్ మీద నడిపినందుకు. చోక్ అంటే ఈ కార్బొరేటర్లలో అదనంగా పెట్రోల్ వదిలే వేరే దారి. ఆ అదనపు పెట్రోల్ ఉంటేనే ఇంజన్ బతుకుతోందంటే మామూలు దారిలో రావాల్సిన పెట్రోల్ రావడం లేదని అర్థం. అంటే మీ బండి రిచ్‌గా (గాలికి పెట్రోల్ ఎక్కువై) లేదు, లీన్‌గా (పెట్రోల్ తక్కువై) ఉంది. లీన్‌గా ఉన్న టూ-స్ట్రోక్‌కి జెట్ ఇంకా చిన్నది వేసి, గడ్డకట్టిన సరస్సు మీద ఫుల్ రేస్‌లో వదిలితే పిస్టన్ వేడెక్కి సిలిండర్‌కి పట్టేస్తుంది. అలా పట్టేసిన ఇంజన్ల పిస్టన్లు నేను చేతిలో పెట్టుకుని చూశాను. ఎగ్జాస్ట్ వైపు నిలువునా గీతలు, పిస్టన్ లోహం పూసుకుపోయి రింగులు గాడిలోనే అతుక్కుపోయి ఉంటాయి. ఆ రిపేర్ ఖర్చుతో ఇంకో పాత బండే కొనుక్కోవచ్చు.

మన ఊళ్లలో ఆర్‌ఎక్స్ 100 నడిపినవాళ్లకి ఈ కార్బొరేటర్ కొత్తేం కాదు. అందులోనూ మికూని వీఎం రకమే, సైజు చిన్నది. స్లో జెట్, నీడిల్, మెయిన్ జెట్, గాలి స్క్రూ అన్నీ అవే. తేడా ఎక్కడంటే, ఊళ్లో బైకుని నిమిషాల తరబడి ఫుల్ రేస్‌లో ఎవరూ పెట్టరు. ఇక్కడ సరస్సు మీద పెడతారు. పైగా చలిగాలి చిక్కగా ఉంటుంది. 0 డిగ్రీల సెల్సియస్ నుంచి మైనస్ 30కి పడిపోతే గాలి సాంద్రత దాదాపు 12 శాతం పెరుగుతుంది. గాలి పెరిగింది, పెట్రోల్ మాత్రం జెట్ రంధ్రం ఎంత వదిలితే అంతే. అందుకే డిసెంబర్‌లో చక్కగా నడిచిన బండి జనవరి చలిలో లీన్ అయిపోతుంది.

మెయిన్ జెట్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఏ రేస్ దగ్గర తేడా చేస్తోందో కచ్చితంగా పట్టుకోవాలి. హ్యాండిల్ మీద చిన్న టేపు ముక్క అంటించి, యాక్సిలరేటర్ లివర్ ఎంత నొక్కితే పావు, సగం, ముప్పావు అవుతుందో పెన్నుతో గీతలు పెట్టుకోండి. స్పీడుతో గానీ ఆర్‌పీఎమ్‌తో గానీ పని లేదు, లోపల స్లైడ్ (గాలి దారిని తెరిచి మూసే జారుడు ముక్క) ఎంత పైకి లేచిందన్నదే లెక్క. ఐడిలింగ్ నుంచి పావు దాకా పైలట్ జెట్ (మన మెకానిక్కులు స్లో జెట్ అనేది ఇదే), గాలి స్క్రూ, ఆ తర్వాత స్లైడ్ అడుగు అంచుకున్న కోత. పావు నుంచి ముప్పావు దాకా నీడిల్ (స్లైడ్‌కి వేలాడే సూది), నీడిల్ జెట్ (ఆ సూది దిగే రంధ్రం). ముప్పావు దాటాకే మెయిన్ జెట్ పెత్తనం. ఇవి ఒకదాని మీదికి ఒకటి కొంచెం పాకుతాయి, అందుకే కింద పైలట్ పనిచేయకపోతే ఆ లోటు సగం రేస్ దాకా కూడా తెలుస్తుంది. మీరు చెప్పిన తేడా అంతా సగం లోపలే ఉంది. మెయిన్ జెట్‌కి ఇందులో పాత్రే లేదు.

నా బండికీ సరిగ్గా ఇవే లక్షణాలు ఉండేవి. ఏ సిలిండర్ సరిగ్గా మండటం లేదో తెలుసుకోవడానికి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ వాడాను. చల్లటి ఇంజన్‌ని స్టార్ట్ చేసి, అర నిమిషం లోపే రెండు సిలిండర్ల ఎగ్జాస్ట్ మొదళ్ల వేడి చూస్తే ఒకటి చకచకా పెరిగింది, రెండోది బద్ధకంగా ఉండిపోయింది. ఆ రెండో వైపు కార్బొరేటర్ విప్పితే పెట్రోల్ నిలిచే గిన్నె అడుగున ఆకుపచ్చ పొర, పాత వార్నిష్ వాసన. పైలట్ జెట్ తీసి లైటుకి ఎదురుగా పట్టుకుంటే ఏమీ కనిపించలేదు. మంచి వైపు జెట్‌లో సూదిమొనంత వెలుగు చుక్క కనిపిస్తోంది. ఆ రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు. వేసవంతా ట్యాంకులో పెట్రోల్ వదిలేస్తే, ఆవిరైపోయాక మిగిలే జిగురు మూసేసేది ముందు దీన్నే.

కాబట్టి మీ మొదటి పని రెండు కార్బొరేటర్లూ విప్పి శుభ్రం చేయడం. గిన్నె స్క్రూలు చూడటానికి ఫిలిప్స్‌లా ఉంటాయి గానీ అవి జపాన్ కొలత జేఐఎస్ స్క్రూలు. మామూలు ఫిలిప్స్ డ్రైవర్‌తో తిప్పితే తల అరిగిపోతుంది. జేఐఎస్ డ్రైవర్ ఒకటి కొనండి, చవకే. గాలి స్క్రూని విప్పేముందు మెల్లగా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లకి ఆగిందో రాసుకోండి. బిగించొద్దు, మొన చెడిపోతుంది. రబ్బరు వాషర్లన్నీ తీసేశాకే క్లీనర్‌లో వేయాలి. జెట్ రంధ్రంలో ఇనుప తీగ పెట్టి పొడవకండి, ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదైతే ఇక ఆ జెట్ సైజుకి అర్థం లేదు. చాలామంది జెట్ శుభ్రం చేసి బాడీని వదిలేస్తారు. అసలు కిటుకు అక్కడే ఉంది. పైలట్ జెట్ కూర్చునే రంధ్రంలోకి క్లీనర్ గొట్టం పెట్టి కొడితే, స్లైడ్ కింద ఉన్న సన్నటి చిల్లుల్లోంచి, గాలి స్క్రూ దారిలోంచి కూడా అది చిమ్మాలి. కళ్లద్దాలు పెట్టుకోండి. ఏ చిల్లులోంచి రాకపోతే ఆ దారి ఇంకా మూసే ఉంది, నానబెట్టి మళ్లీ కొట్టండి. బిగించేముందు ఫ్లోట్ (గిన్నెలో పెట్రోల్ మట్టాన్ని నిలిపే తేలే ముక్క) చేతులు రెండూ సమానంగా ఉన్నాయో లేదో కూడా చూడండి.

చోక్ ప్లంజర్లు (చోక్ దారిని తెరిచి మూసే చిన్న ముక్కలు) కూడా చూడండి. చోక్ తీసినప్పుడు కేబుల్‌లో కొంచెం వదులు ఉండాలి. లేకపోతే ప్లంజర్ పూర్తిగా కూర్చోదు. ఇంకో మాట, చోక్ మీద స్టార్ట్ చేసేటప్పుడు యాక్సిలరేటర్ నొక్కకండి. స్లైడ్ మూసి ఉంటేనే ఈ చోక్ పెట్రోల్‌ని గట్టిగా లాగుతుంది.

శుభ్రం చేశాక కూడా లీన్ పోకపోతే ఎక్కడో గాలి చొరబడుతోందన్నమాట. రేస్ వదిలేశాక ఇంజన్ వెంటనే తగ్గకుండా పైనే వేలాడుతోందా? అయితే అనుమానం ఇంకా గట్టిది. కార్బొరేటర్‌కీ ఇంజన్‌కీ మధ్య ఉండే రబ్బరు బూట్లని విప్పి, చేత్తో వంచి చూడండి. బిగించి ఉన్నప్పుడు నున్నగా కనిపించే రబ్బరు వంచితే లోతైన పగుళ్లు చూపిస్తుంది. నా బండిలో ఒక బూటు అడుగువైపు, అద్దం పెట్టి చూసినా కనపడని చోట చీలి ఉంది. ఐడిలింగ్‌లో ఉండగా బూటు మీద కొద్దిగా కార్బ్ క్లీనర్ కొడితే ఇంజన్ శబ్దం మారుతుంది, లీకు అక్కడే. ఆరుబయట చేయండి, ఎగ్జాస్ట్ వైపు అస్సలు కొట్టొద్దు, మంటలార్పే సిలిండర్ పక్కనే పెట్టుకోండి. బూట్లు బాగుంటే క్రాంక్ సీళ్లు (ఇంజన్‌లో తిరిగే క్రాంక్ ఇరుసు చివర్ల గాలి చొరకుండా ఆపే రబ్బర్లు) అనుమానించాలి. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ మూసేసి లోపలికి ఆరు పీఎస్‌ఐ దాకా గాలి నింపి, అది నిలుస్తోందా లేదా చూస్తారు. ఆ పనికి సామాను లేకపోతే షాపుకి ఇవ్వడమే మేలు.

పెట్రోల్ గొట్టాలు, ఫ్యూయల్ పంపుకి క్రాంక్‌కేస్ నుంచి వచ్చే సన్నటి పల్స్ గొట్టం, ట్యాంకు లోపలి ఫిల్టర్: ఇన్నేళ్ల బండిలో ఇవి కొత్తవి వేసేయండి, ఆలోచించక్కర్లేదు. కంప్రెషన్ కూడా ఒకసారి చూడండి. రెండు సిలిండర్ల మధ్య 10 శాతం కంటే తేడా ఉంటే కార్బొరేటర్ ఎంత ట్యూన్ చేసినా లాభం లేదు.

పెట్రోల్ విషయం. మిన్నెసోటాలో మామూలు పంపుల్లో 10 శాతం ఇథనాల్ ఉంటుంది. దానివల్ల కూడా మిశ్రమం కొంచెం లీన్ అవుతుంది, నీళ్లు చేరితే అడుగున విడిపోతుంది కూడా. స్నోమొబైళ్లకి, పడవలకి, పాత కార్లకి ఇథనాల్ లేని ప్రీమియం కొనడానికి అక్కడ అనుమతి ఉంది. అదే పోయించండి.

ఇక మెయిన్ జెట్. హుడ్ లోపలో క్లచ్ కవర్ మీదో జెట్ల పట్టిక స్టిక్కర్ ఉంటుంది, ఒకవైపు ఉష్ణోగ్రత, ఒకవైపు ఎత్తు. చిరిగిపోతే మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో దొరుకుతుంది. గిన్నె విప్పినప్పుడు మెయిన్ జెట్ మీది నంబర్ చదివి ఆ పట్టికతో పోల్చండి. బండి మీ కంటే ముందు ఎక్కడ తిరిగిందో కూడా అమ్మినాయన్ని అడగండి, ఇది చాలా ముఖ్యం. మోంటానాలోని వెస్ట్ యెల్లోస్టోన్ 6,600 అడుగులకు పైన ఉంటుంది. అక్కడ పలుచటి గాలికి చిన్న జెట్లు వేస్తారు. డులూత్‌లో సరస్సు ఒడ్డు దాదాపు 600 అడుగులే. ఆ జెట్లతో ఇక్కడ ఫుల్ రేస్ తొక్కితే బండి ఎక్కువసేపు నిలవదు. రాబోయే వారంలో పడే అతి తక్కువ ఉష్ణోగ్రతకి తగ్గ జెట్ వేసుకోండి. కొంచెం రిచ్‌గా ఉంటే మహా అయితే ప్లగ్ నల్లబడుతుంది, పెట్రోల్ కాస్త ఎక్కువ తాగుతుంది.

నీడిల్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. ఎప్పుడైనా అవసరమైతే క్లిప్పు ఒక గాడి కిందికి దింపితే నీడిల్ పైకి లేచి రిచ్ అవుతుంది, అంతే.

అన్నీ బిగించాక రెండు స్లైడ్లూ ఒకేసారి లేస్తున్నాయో లేదో తప్పక చూడండి. సన్నటి డ్రిల్ బిట్ వెనక్కి తిప్పి, దాని కాడని ఒక స్లైడ్ కింద ఆనించి, ఐడిల్ స్క్రూతో తగిలీతగలనట్టు సర్ది, రెండోదాన్నీ అలాగే చేయండి. తర్వాత లివర్ మెల్లగా నొక్కుతూ రెండిట్లోనూ వేలు పెట్టి చూస్తే ఏది ముందు కదిలిందో తెలుస్తుంది, కేబుల్ అడ్జస్టర్‌తో సరిచేయండి. ఈ పని అయ్యాక ఆయిల్ పంపు కేబుల్ గుర్తులు కలిశాయో లేదో చూడకుండా బండి బయటికి తీయకండి. కార్బొరేటర్లు సర్ది ఆయిల్ పంపుని మర్చిపోతే, జెట్లు ఎంత బాగున్నా ఆయిల్ చాలక ఇంజన్ పోతుంది.

గాలి స్క్రూ ఒకటిన్నర చుట్టు బయటికి పెట్టి మొదలెట్టండి. ఈ కార్బొరేటర్లలో అది లోపలికి తిప్పితే రిచ్, బయటికి తిప్పితే లీన్. ఇంజన్ బాగా వేడెక్కాక పావు చుట్టు చొప్పున కదిపి, ఐడిలింగ్ ఎక్కడ నిలకడగా ఉండి, రేస్ ఇవ్వగానే తడబడకుండా అందుకుంటుందో అక్కడ ఆపండి. రెండున్నర చుట్లు దాటితే పైలట్ జెట్ పెద్దది, అర చుట్టు లోపలే కుదిరితే చిన్నది. ఎయిర్‌బాక్స్ (కార్బొరేటర్లు గాలి పీల్చుకునే పెట్టె) తీసేసి ట్యూన్ చేయకండి, అది లేకపోతే లెక్కలన్నీ లీన్ వైపు మారిపోతాయి. ఇంటికి ఆనుకుని ఉన్న గరాజ్‌లో, చలిగా ఉందని తలుపు మూసి ఇంజన్ నడపడం అసలు వద్దు, ఆ పొగ ఇంట్లోకి వస్తుంది, ప్రాణాలు పోతాయి.

విప్పాక ఈ నాలుగూ ఇక్కడే రాయండి, జెట్ల సంగతి అప్పుడు తేలుద్దాం: రెండు పైలట్ జెట్ల నంబర్లు, రెండు మెయిన్ జెట్ల నంబర్లు, గాలి స్క్రూలు ఎన్ని చుట్లు బయటికి ఉన్నాయి, రెండు సిలిండర్ల కంప్రెషన్ ఎంత. బూట్లు వంచి తీసిన ఫొటో కూడా పెడితే ఇంకా మంచిది.