పేడ గంప దగ్గర మొదలుపెట్టు

అమ్మాయీ,

నీ కథ రెండుసార్లు చదివాను. 1880ల్లో అమెరికాలోని నెబ్రాస్కా గడ్డి మైదానం, కొత్త నేల సాగుచేసుకునే కుటుంబం, వాళ్ళ ఎనిమిదేళ్ళ పిల్ల. కానీ మొదటి రెండు పేజీల్లో ఆ పిల్ల కనిపించలేదు. ప్రభుత్వ భూమిని సాగుదార్లకి ఇచ్చిన 1862 హోమ్‌స్టెడ్ చట్టం, 160 ఎకరాలు, అయిదేళ్ళు అక్కడే ఉండి సాగు చేస్తేనే పట్టా అన్న షరతు, ఇవన్నీ వాళ్ళ నాన్న లెక్కలు. పిల్లకి తెలిసింది నీళ్ళ బకెట్ బరువు.

నాలుగో పేజీలో ఒక్క వాక్యం రాసి వదిలేశావు: ‘పిల్లలు పొయ్యిలోకి ఎండిన పేడ ఏరుకొచ్చేవారు.’ కథ అక్కడుంది తల్లీ! చెట్లు తక్కువ, కట్టెలు దొరకవు. మొదట్లో బైసన్ల (అక్కడి అడవి దున్నల) పేడ, అవి అయిపోయాక ఆవుల పేడ. చిన్నప్పుడు అమ్మమ్మగారి ఊళ్ళో నేనూ గంప పట్టుకుని పశువుల వెనక తిరిగాను. పైకి ఎండినట్టే ఉంటుంది, తిరగేస్తే అడుగున తడి, పురుగులు. మొదటిరోజు రెండు వేళ్ళతో పట్టుకుంటాం, వారం తిరిగేసరికి ఆ అసహ్యం పోతుంది. ఆ వారం రాయి. పేడ తొందరగా కాలిపోతుంది, బూడిద బోలెడు. రొట్టె కాలేలోపు ఎన్నిసార్లు వేయాలి, బూడిద ఎవరు ఎత్తాలి?

ఇల్లు కూడా పిల్ల ఒంటికి తెలియాలి. గడ్డి వేళ్ళతో సహా కోసిన మట్టి పెళ్ళల ఇల్లు అది. బయట వాన వెలిసినా లోపల కారుతూనే ఉంటుంది. సాలమన్ బుచర్ అనే ఫోటోగ్రాఫర్ 1886 నుంచి నెబ్రాస్కాలోని కస్టర్ కౌంటీలో తీసిన ఫోటోలు చూడు. ఇంటి ముందు మనుషులతో పాటు గుర్రాలూ ఆవులూ నిలబడి ఉంటాయి.

‘ఎవరూ లేని నేల’ అన్నావు. అది నాకు బాధ కలిగించింది. అక్కడ పానీ అనే ఆదివాసీ తెగవాళ్ళు ఉండేవారు. 1870ల్లో వాళ్ళని ఆదివాసులకి కేటాయించిన ఇండియన్ టెరిటరీకి (ఇప్పటి ఓక్లహోమా) పంపేశారు. పిల్లకి తెలియకపోవచ్చు, నీకు తెలియాలి. దున్నిన చాలులో ఆమెకి ఒక బాణపు ములికి దొరకనివ్వు.

1888 జనవరి 12 మంచు తుఫానుతో ముగించావు. బడి నుంచి ఇంటికి బయల్దేరిన పిల్లలు ఎంతోమంది దారిలోనే చనిపోయిన రోజు అది. ఆ ఉదయం చలి తగ్గిందని చాలామంది మందపాటి కోట్లు వేసుకోకుండానే బడికెళ్ళారు. తుఫాను వర్ణన మూడు పేజీలు తీసేసి, తలుపు పక్కన మేకుకి వేలాడుతున్న ఆ కోటు గురించి రాసి పంపు. ఎదురుచూస్తుంటాను.