వాన్ పెర్సీ లాంటివాడు ఒక్కడొస్తే యునైటెడ్‌కి పాత రోజులు తిరిగొస్తాయా?

ప్రశ్న అడిగినవాళ్ల మాట ఇదీ: 2012లో డచ్ స్ట్రైకర్ వాన్ పెర్సీ వచ్చాడు, ఆ సీజన్‌లోనే ఇంగ్లండు ఫుట్‌బాల్ క్లబ్ మాంచెస్టర్ యునైటెడ్ అక్కడి ప్రీమియర్ లీగ్ గెలిచింది, ఇప్పుడు కూడా అలాంటి స్టార్ ఒకణ్ని కొంటే సరిపోదా అని. సరిపోదు. ప్రతి ఎండాకాలం ఈసారి సరిపోతుందిలే అనుకుని పన్నెండేళ్లు మోసపోయాను కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నా.

మాది అనంతపురం. ఫుట్‌బాల్ మా ఊరికి కొత్తేం కాదు, ఆర్‌డీటీ పుణ్యమా అని. స్పెయిన్ నుంచి వచ్చిన ఫాదర్ ఫెర్రర్ 1969లో ఇక్కడ మొదలుపెట్టిన సేవా సంస్థ అది. దాంతో స్పెయిన్ వాళ్ల రాకపోకలు, వాళ్లతోపాటు వాళ్ల జెర్సీలు. 2010లో నాదల్ కూడా వచ్చి టెన్నిస్ స్కూల్ తెరిచిపోయాడు. అందుకే నేను ఆడుకునే గ్రౌండులో సగం మంది బార్సిలోనా, సగం మంది రియల్ మాడ్రిడ్. వాళ్ల మధ్య యునైటెడ్ అని చెప్పుకునేవాణ్ని నేనొక్కణ్నే, ఆర్సెనల్ అని చెప్పుకునేవాడు నా స్నేహితుడొక్కడే. దిక్కులేనోళ్లిద్దరం కాబట్టి జతకట్టాం.

2012 మే 13 నాకు గుర్తున్నంత బాగా నా ఇంజినీరింగ్ మార్కులు గుర్తులేవు. ఆదివారం సాయంత్రం, లీగ్ ఆఖరి రోజు. యునైటెడ్ సండర్లాండ్ మీద 1-0తో గెలిచింది. అక్కడ మాంచెస్టర్ సిటీ క్యూపీఆర్ చేతిలో 90 నిమిషాలు అయ్యేసరికి 1-2తో వెనకబడి ఉంది. ఇంక టైటిల్ మాదే అనుకుని లేచి నిలబడ్డా. ఇంజురీ టైమ్‌లో సిటీ రెండు గోల్స్ కొట్టింది, రెండోది అగ్వేరోది. ఇద్దరికీ 89 పాయింట్లే. కొట్టిన గోల్స్‌లోంచి తిన్నవి తీసేస్తే వాళ్లకి 64, మాకు 56. ఎనిమిది గోల్స్ దగ్గర టైటిల్ పోయింది. ఆ రాత్రి సంగటి ముద్ద ముందు పెట్టుకుని దాన్నే చూస్తూ కూర్చున్నానని అమ్మ ఇప్పటికీ అందరికీ చెప్తుంది.

ఆ ఎనిమిది గోల్స్ లోటు పూడ్చడానికే మా మేనేజర్ ఫెర్గూసన్ వెళ్లి వాన్ పెర్సీని పట్టుకొచ్చాడని నా నమ్మకం. అంతకుముందు సీజన్‌లో ఆర్సెనల్‌కి ఒక్క లీగ్‌లోనే 30 గోల్స్ కొట్టాడు మరి. ఆగస్టు 17న సంతకం. 24 మిలియన్ పౌండ్లు, అంటే అప్పట్లో మన డబ్బుల్లో రెండొందల కోట్ల పైమాటే. వయసు 29. ఆర్సెనల్‌తో ఒప్పందం ఇంకో ఏడాదే మిగిలి ఉంది, ఆ ఏడాది ఆగితే ఉత్తి పుణ్యానికే వచ్చేవాడు.

మా నాయనకి ఫుట్‌బాల్ తెలీదు, ఎద్దుల సంతలు తెలుసు. ధర చెప్తే, వయసు చెప్తే నవ్వాడు. "పళ్లన్నీ వచ్చేసిన ఎద్దుకి ఇంత ధరేందిరా?" అన్నాడు. పోయినేడు ఎంత దగ్గర్లో పోయిందో చెప్పా. కాసేపు శెనక్కాయలు ఒలుచుకుంటూ ఉండి, "ఈ ఏడే దున్నాలంటే అట్లాంటిదే తెచ్చుకోవాల్లే. కోడెను తెచ్చి మడక నేర్పేలోపు అదును పోతుంది" అన్నాడు. వాన్ పెర్సీ గురించి ఇంతకంటే సరైన మాట నేను ఇంకెక్కడా వినలేదు, ఎన్ని పాడ్‌కాస్టులు విన్నా.

నా స్నేహితుడు మాత్రం మూడు వారాలు నాతో మాట్లాడలేదు, నేనేదో మధ్యవర్తిత్వం చేసినట్టు. ఎనిమిదేళ్లు ఉన్నాడు వాన్ పెర్సీ ఆర్సెనల్‌లో, వెళ్లేనాటికి కెప్టెన్. పోతూ పోతూ తనలోని చిన్న పిల్లాడు యునైటెడ్ యునైటెడ్ అని కేకలు పెట్టాడన్నట్టు ఏదో చెప్పాడు కదా, అది చదివి మావాడు "ఆ పిల్లోడు ఎనిమిదేళ్లు నిద్రపోతాండెనా?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు.

అసలు జెర్సీ కొనే డబ్బులెక్కడివి. పాతూరులో నూటయాభై పెట్టి ఎర్ర టీషర్టు కొని, బైకులకి నంబర్ ప్లేట్లు వేసే రేడియం షాపుకి పట్టుకెళ్లా. ఆయన తెల్ల రేడియంలో వాన్ పెర్సీ నంబర్ 20 కోసి, పైన పేరు అంటించి, "గుడ్డ మీద నిలవదు నాయనా, తర్వాత నన్ను అడగొద్దు" అని ముందే చెప్పాడు. మూడో ఉతుకుకే పేరు ఊడిపోయింది, సున్నా ఒక పక్క లేచి గుర్రపు లాడంలా తయారైంది. కానీ రాత్రిపూట వెనక నుంచి ఏ బండైనా వస్తే నా వీపు ధగధగా మెరిసేది. ఆ మెరుపు అసలు జెర్సీలకి కూడా ఉండదు.

సీజన్ సంగతి చాలామందికి తెలిసిందే, ఎక్కువ రాయను. సౌతాంప్టన్‌లో పెనాల్టీ పోగొట్టి, 1-2తో ఓడిపోతున్న మ్యాచ్‌ని చివరి నిమిషాల్లో రెండు గోల్స్‌తో లాగేశాడు, హ్యాట్రిక్ కూడా అయిపోయింది. డిసెంబర్ 9న సిటీ మైదానంలో 2-2 ఉండగా 92వ నిమిషంలో అతని ఫ్రీకిక్ సిటీ ఆటగాడు నస్రీ కాలికి తగిలి లోపలికి పోయింది. నస్రీ కూడా ఆర్సెనల్ నుంచి పోయినవాడే. "కొట్టిందీ మావోడే, తగిలిందీ మావోడికే" అని మావాడు ఏడవలేక నవ్వాడు.

పాత రోజులని తలుచుకునేవాళ్లు ఒకటి మర్చిపోతారు. ఫిబ్రవరి 10 తర్వాత ఏప్రిల్ 14 దాకా క్లబ్‌కి అతను ఒక్క గోల్ కొట్టలేదు. ఆ మధ్యలోనే, మార్చి 5న, రియల్ మాడ్రిడ్ మా సొంతగడ్డ మీదే మమ్మల్ని 2-1తో ఓడించి ఛాంపియన్స్ లీగ్ నుంచి ఇంటికి పంపింది. మా ఆటగాడు నానీని ఎర్ర కార్డు చూపి బయటికి పంపడం అన్యాయమే, కానీ మా గ్రౌండులో ఉన్న రియల్ పిల్లలకి న్యాయం అన్యాయం ఎవరు చెప్పాలి, వారం రోజులు నేను అటువైపే పోలేదు. ఆ రెండు నెలలు లీగ్‌లో గోల్స్ ఎవరో ఒకరు కొట్టారు కాబట్టి సరిపోయింది. అసలు మీ ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది. ఎద్దు మొరాయించిన రోజు కూడా మడక ఆగలేదు.

ఇక ఆ రాత్రి. 2013 ఏప్రిల్ 22, సోమవారం, మనకి అర్ధరాత్రి దాటి పన్నెండున్నర. ఆస్టన్ విల్లా మీద గెలిస్తే టైటిల్. ఆ ఏడాది కరెంటు కోతలు ఎట్లా ఉండేవో మన వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. అందుకని మావాడి మేనమామ సెల్ షాపులో, ఇన్వర్టర్ ఉంది కాబట్టి, షట్టర్ ముప్పాతిక దించి కూర్చున్నాం. ఆర్సెనల్ వాడికి అక్కడేం పని అంటే, యునైటెడ్ ఓడితే నా మొహం చూడాలట.

రెండో నిమిషంలోనే గిగ్స్ పాస్, వాన్ పెర్సీ గోల్. పదమూడో నిమిషంలో అది జరిగింది. రూనీ తన సగంలోంచే బంతిని ఎత్తి వేశాడు. చాలా దూరం గాల్లో ప్రయాణించి వాన్ పెర్సీ భుజం మీదుగా దిగుతోంది. అతను ఆపలేదు, నేల తాకనివ్వలేదు. పరుగు తగ్గించకుండా, తల తిప్పి బంతినే చూస్తూ ఎడమకాలితో కొట్టాడు. అలాంటి బంతిని కొడితే నూటికి తొంభైసార్లు గ్యాలరీలోకి పోతుంది, మేం ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో తర్వాత నెల రోజులు ప్రయత్నించి చూశాం కదా, ఒకటి ఏకంగా రోడ్డు మీద ఆటోలో పడింది. ఇది మాత్రం కీపర్ గుజాన్ దూకేలోపే వలలో ఉంది. నాకంటే ముందు మావాడే "అబ్బా!" అన్నాడు. అని నాలుక కరుచుకున్నాడు.

అరుపులు విని బీటు కానిస్టేబుల్ లాఠీతో షట్టర్ కొట్టాడు. ఐపీఎల్ రోజులు, ఆ టైములో షట్టర్ దించి టీవీ ముందు కూర్చున్నామంటే బెట్టింగ్ అనే కదా అనుకుంటారు. వంగి లోపలికి టార్చ్ వేశాడు, వెలుతురు సరిగ్గా నా వీపు మీద పడింది. "ఏందప్పా, వీపు మీద నంబర్ ప్లేటు?" అన్నాడు. ఇంగ్లండు ఆట సార్ అని చెప్పి స్కోరు చూపిస్తే, "దీనికెవురప్పా డబ్బులు పెట్టేది" అని గొణుక్కుంటూ పోయాడు. ముప్పైమూడో నిమిషంలో మూడో గోల్. 3-0. ఇంకా నాలుగు మ్యాచులు ఉండగానే 20వ టైటిల్, 20వ నంబర్ వాడి హ్యాట్రిక్‌తో.

పొద్దున్నే కాలేజీలో చెప్పుకుందామంటే వినేవాడు లేడు. సాయంత్రం బెంగళూరులో గేల్ 66 బంతుల్లో 175 కొట్టాడు. ఇక ఊరంతా గేల్. నేల తాకనివ్వకుండా కొట్టిన ఆ వాలీ గురించి చెప్పబోతే, "అది సరేరా, పదిహేడు సిక్సులు చూసినావా?" అన్నారు. ఎంత కడుపు మండిందో.

తర్వాత కథ కొంచెమే. మే 8న ఫెర్గూసన్ దిగిపోతున్నట్టు ప్రకటించాడు. మరుసటి సీజన్‌లో అదే వాన్ పెర్సీ, అదే రూనీ, క్లబ్ ఏడో స్థానం. ఎద్దులు అవే, మేడి పట్టిన చెయ్యే మారింది. వాన్ పెర్సీకి దెబ్బలు తగిలాయి, వయసు మీద పడింది, 2015లో టర్కీ వెళ్లిపోయాడు. అతని మీద నాకు కోపం లేదు, ఒక ఏడుకని తెచ్చుకున్నవాడు ఆ ఏడు దున్నిపెట్టాడు. కోపమంతా దాన్ని చూసి అదే మంత్రం అనుకున్న మా మీదే. డి మారియా వచ్చాడు, ఏడాదికే పోయాడు. శాంచెజ్ పియానో వాయించే వీడియోతో వచ్చాడు, మొత్తం కొట్టింది ఐదు గోల్స్. 2021లో రొనాల్డో తిరిగొచ్చి న్యూకాజిల్ మీద రెండు గోల్స్ కొట్టిన రోజు, ముప్పైకి దగ్గరపడిన నేను పిల్లాడిలా మిద్దె మీద గంతులేశాను. ఆ సీజన్ ఆరో స్థానం.

పాత రోజుల్లోంచి ఎవర్ని తిరిగి తెచ్చుకుంటావని అడిగితే నేను వాన్ పెర్సీ పేరు చెప్పను. 2006 జనవరిలో చడీచప్పుడు లేకుండా వచ్చిన డిఫెండర్లు విడిచ్, ఎవ్రాల పేర్లు చెప్తాను. ఇద్దరికీ కలిపి వాన్ పెర్సీ ధరలో సుమారు సగం. వాళ్ల పేరు రేడియంలో కోయించుకున్నవాణ్ని నేను చూడలేదు, నేనూ కోయించుకోలేదు. కానీ ఆరేడేళ్లు వెనక వాళ్లు నిలబడితేనే ముందు ఇంకొకడు వచ్చి హ్యాట్రిక్ కొట్టాడు. మీరు కొనమంటున్న స్టార్ కంటే ముందు అలాంటివాళ్లు నలుగురు కావాలి.

2024-25లో యునైటెడ్ 42 పాయింట్లతో పదిహేనో స్థానంలో ఆగింది. మే 21న బిల్బావోలో యూరోపా ఫైనల్ కూడా టాటెన్‌హామ్ చేతిలో 0-1తో పోయింది, మనకి రాత్రి రెండు దాటాక. నా స్నేహితుడు ఇప్పుడు బెంగళూరులో ఉంటాడు, వాళ్ల ఆర్సెనల్ అప్పటికి వరసగా మూడేళ్లు రెండో స్థానం దగ్గరే ఆగింది కాబట్టి ఎగతాళి తగ్గించి ఉన్నాడు. మ్యాచ్ అవగానే వాడి మెసేజ్: "నంబర్ ప్లేటు ఉందా, పారేసినావా?"

తెల్లారాక స్కూటీ డిక్కీ తీసి చూశా. ఆ టీషర్టు ఎప్పుడో బండి తుడిచే గుడ్డ అయిపోయింది. సున్నా జాడే లేదు. రెండు మాత్రం ఇంకా అంటుకునే ఉంది, ఫోటో తీసి పంపించా.