భువనగిరిలో ఇల్లు, మాదాపూర్‌లో ఉద్యోగం: రోజూ తిరగాలా, అద్దెకు దిగాలా?

నమస్కారం అండీ. భువనగిరిలో సొంత ఇల్లు, అమ్మానాన్నలు ఉండగా మాదాపూర్‌లో ఉద్యోగం వచ్చిందని, రోజూ తిరగాలా, నగరంలో అద్దెకు దిగాలా అని మీరు అడిగారు. అదే దారిలో నాలుగేళ్లు తిరిగినవాడిగా చెబుతున్నాను.

దూరం సుమారు 60 కిలోమీటర్లే అనిపించినా, సమయాన్ని ఇంటి గడప నుంచి ఆఫీసు కుర్చీ దాకా లెక్కించండి. సికింద్రాబాద్ వరకు రైలు, అక్కడి నుంచి నడిచి సికింద్రాబాద్ ఈస్ట్ మెట్రో, రాయదుర్గం వైపు వెళ్లే ఆ రైల్లో హైటెక్ సిటీ: ఇదంతా కలిపి నాకు ఒక్క వైపుకే రెండున్నర గంటలు పట్టేది. ఖర్చు పెద్ద భారం కాదు. రైలు సీజన్ టికెట్ మూడు నెలలకు తీసుకుంటే నెల ధరకు 2.7 రెట్లే పడుతుంది, కాకపోతే మామూలుగా అది రిజర్వేషన్ బోగీల్లో చెల్లదు, సూపర్‌ఫాస్ట్ రైళ్లకు అదనపు రుసుము కట్టాలి.

అసలు భారం వేరే చోట ఉంది. రాత్రి తొమ్మిదింటికి నేను ఇల్లు చేరేసరికి మా పాప హోంవర్క్ పుస్తకం మీదే తల వాల్చి నిద్రపోయి ఉండేది, ఉదయం ఆరింటికి నేను చెప్పులు వేసుకునేటప్పటికి ఇంకా లేచేది కాదు. ఆ నాలుగేళ్లు నాకు ఇప్పటికీ బాధే.

అందువల్ల ఆఫీసుకు వారానికి రెండు మూడు రోజులే వెళ్లవలసి ఉంటే నిస్సందేహంగా భువనగిరిలోనే ఉండండి. ఐదు రోజులూ తప్పనిసరైతే అదే మెట్రో దారిలోని తార్నాకలోనో మెట్టుగూడలోనో ఇల్లు చూసుకుని, శనివారం ఊరికి రండి. అడ్వాన్సు ఇచ్చే ముందు మాత్రం ఒక నెల సీజన్ టికెట్‌తో తిరిగి చూడండి.