రిమోట్ బాగానే ఉంది, గాలి సంగతి చూడు

శాన్ ఫ్రాన్సిస్కో

చిరంజీవి చిన్నోడికి పెదనాన్న ఆశీస్సులు.

"రిమోట్ పాడైంది పెదనాన్నా, నా బొమ్మ తెరచాప పడవ ముందుకు పోకుండా వెనక్కి జరుగుతోంది" అని నువ్వు ఫోన్ చేసినప్పటి నుంచి నా మనసంతా మన చెరువు దగ్గరే ఉంది. రిమోట్‌కి ఏమీ కాలేదు. చుక్కాని తిరుగుతోంది, చాప లాగితే వస్తోంది అన్నావుగా, ఇంకేం కావాలి? నువ్వు పడవ ముక్కుని తిన్నగా గాలికి ఎదురు పెట్టావు. తెరచాప పడవ అలా ఎప్పటికీ పోదు. చాపలు టపటపా కొట్టుకుంటాయి, పడవ ఆగిపోతుంది, తర్వాత గాలి దాన్ని వెనక్కి నెడుతుంది. నువ్వు చెప్పింది సరిగ్గా అదే.

రిటైరయ్యాక నేను ఇక్కడ గోల్డెన్ గేట్ పార్కులో ఉన్న స్ప్రెకల్స్ లేక్‌లో నేర్చుకున్నాను. బొమ్మ పడవల కోసమే 1904లో కట్టిన చెరువు అది. అక్కడ బాగా నడిపేవాళ్లు తమ పడవని చూసేది తక్కువ. గాలి వచ్చే వైపు నీళ్లని చూస్తూ ఉంటారు. ఈ సంగతి గమనించడానికే నాకు నెల పట్టింది. నీకు అంత కాలం పట్టకూడదనే ఈ ఉత్తరం.

రేపు కట్ట మీదికి వెళ్లగానే పడవని కింద పెట్టి, కళ్లు మూసుకుని మెల్లగా తిరుగు. రెండు చెవుల్లోనూ గాలి ఒకేలా వినపడిన చోట ఆగు. నీ ముఖం ఎటు ఉందో గాలి అటు నుంచి వస్తోంది. తర్వాత కళ్లు తెరిచి నీళ్లు చూడు. నల్లగా ముడతలు పడ్డ చోట గాలి ఉంది, అద్దంలా ఉన్న చోట లేదు. ఆ నల్లటి మచ్చ పడవని చేరేలోపే నువ్వు సిద్ధంగా ఉండాలి. చాప కొయ్య చివర ఒక సన్నటి ఊలు దారం కట్టు, దూరం నుంచి కూడా పనికొస్తుంది.

గడియారంలో పన్నెండు దగ్గర నుంచి గాలి వస్తోందనుకో. పదిన్నరకీ ఒంటిగంటన్నరకీ మధ్య ఉన్న ముక్కలోకి పడవ పోలేదు. అటు చేరాలంటే కాసేపు పదిన్నర వైపు, కాసేపు ఒంటిగంటన్నర వైపు, అలా మెలికలు తిరుగుతూ పోవాలి. ఇది ఇప్పుడే వద్దు. మన కట్ట చెరువుకి తూర్పున ఉంది, ఈ రోజుల్లో గాలి పడమటిది. అంటే కట్ట వెంబడి ఉత్తరం నుంచి దక్షిణానికి పోతే గాలి పక్క నుంచి తగులుతుంది. పడవకి అన్నిటికన్నా తేలికైన దారి అదే. ఒడ్డుకి పదిహేను అడుగుల అవతల రెండు ఖాళీ సీసాలకి రాయి కట్టి వదులు. వాటి చుట్టూ ఎనిమిది అంకెలా తిప్పు. మలుపు తిప్పేటప్పుడు ప్రతిసారీ గాలి వైపుకే తిప్పు. వారం రోజులు ఇదొక్కటే చెయ్యి. బోరు కొడుతుంది, అయినా చెయ్యి.

చాప ఎంత లాగాలి అని అడిగావు. ముందు బాగా వదులు, ముందంచు రెపరెపలాడుతుంది. ఆ రెపరెప ఆగేంతవరకు లాగు, అక్కడితో ఆపు. కొత్తవాళ్లందరూ బిగించేస్తారు. బిగిస్తే పడవ పక్కకి వాలుతుంది, వేగం పోతుంది, దానంతటదే గాలి వైపు తిరుగుతుంది. అప్పుడు చుక్కానిని గట్టిగా అటూ ఇటూ కొడతాం, అది బ్రేకు వేసినట్టే. రిమోట్ మీద చుక్కానిని తిప్పే కుడి చేతి పుల్లని వేలి కొసతో జరుపు, వెంటనే మధ్యకి వదిలెయ్యి.

పడవ నీ వైపు వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి. అందరికీ టెన్షన్ పుట్టేది ఇక్కడే. పడవ ఎటు పోతోందో నీ ఛాతీ కూడా అటే తిప్పుకుని, మెడ మాత్రం వెనక్కి తిప్పి చూడు. కొన్నాళ్లకి ఆ అవసరం ఉండదు.

ముక్కు గాలిలో ఇరుక్కుంటే కంగారు పడకు. చాప పూర్తిగా వదిలి, చుక్కానిని ఒక పక్కకి పెట్టి ఆగు. పడవ వెనక్కి జరుగుతూ ముక్కుని పక్కకి తిప్పుకుంటుంది. అప్పుడు చుక్కాని మధ్యకి తెచ్చి చాప కొద్దికొద్దిగా లాగు. గాలికి అడ్డంగా పడిపోయినా అంతే, కింద గుండు బరువు దాన్ని మళ్లీ లేపుతుంది.

ఆషాఢం గాలికి మాత్రం నీ పెద్ద చాప పనికిరాదు. వెనక నుంచి కొడితే ముక్కు నీళ్లలోకి దూరిపోతుంది. నీటి మీద తెల్ల నురుగు కనబడిన రోజు పడవ దించకు. పొద్దున్నే, ఆకులు కదిలేంత గాలి ఉన్నప్పుడు వెళ్లు.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా విను. పడవ గుర్రపుడెక్కలో చిక్కుకున్నా, సెల్సు అయిపోయి మధ్యలో ఆగినా, నువ్వు నీళ్లలోకి దిగకూడదు. ఈత వచ్చు అనకు. తూము దగ్గర లోతెంతో నీకు తెలియదు, అడుగున బురద కాలిని పట్టేస్తుంది, గుర్రపుడెక్క వేళ్లు చుట్టుకుంటే మంచి ఈతగాడు కూడా బయటికి రాలేడు. మన ఊళ్లో అలా పోయినవాళ్ల ఇళ్లు నాకు తెలుసు. గాలి కట్ట వైపే ఉంది కాబట్టి చాలాసార్లు పడవ దానంతటదే ఒడ్డుకి వస్తుంది. గంటైనా కూర్చో. రాకపోతే గాలం దారానికి రబ్బరు బంతి కట్టి, పడవ అవతలికి పడేలా విసిరి మెల్లగా లాక్కో. ఆ దారం, బంతి సంచిలో ఉంటేనే పడవని ఇంట్లోంచి బయటికి తియ్యి. నాకు మాటివ్వు.

వెళ్లే ముందు రెండు చోట్లా సెల్సు ఛార్జి చేసినవే వెయ్యి. ముందు రిమోట్ ఆన్ చెయ్యి, తర్వాత పడవ. ఆపేటప్పుడు ముందు పడవ. పడవలోని యాంటెనా తీగ నీటి మట్టానికి పైనే ఉండాలి, ఈ రిమోట్ సిగ్నల్ నీళ్లలోంచి పోదు. పైమూత అంటించే స్టిక్కర్ ఒకసారి పీకితే మళ్లీ సరిగా అంటదు, కొత్తది వెయ్యి. ఇంటికొచ్చాక మూత తీసి, లోపలి తడిని పొడి గుడ్డతో తుడిచి, రాత్రంతా అలాగే ఆరనివ్వు. నా మొదటి పడవలో చాప తాడు లాగే వించ్ మోటారు తుప్పు పట్టింది ఈ బద్ధకం వల్లే. పడవ కింద గుండు ఉండే రెక్కకి (కీల్‌కి) చుట్టుకున్న నాచు పోగు ఒక్కటి ఉన్నా పడవ మొద్దుగా నడుస్తుంది, ప్రతి పావుగంటకీ తీసి చూడు.

దసరాకి వచ్చేటప్పుడు పొట్టి చాప తెస్తాను. ఈలోపు ఎనిమిది అంకె వీడియో తీసి పంపు, పడవతో పాటు గాలి వచ్చే వైపు నీళ్లు కూడా కనపడేలా తియ్యి.

మీ పెదనాన్న