అద్దె వస్తుందని ఫ్లాట్ కొంటారా? ముందు ఎఫ్‌డీ సంగతి చూడండి

ప్రశ్న: నా జీతం 85 వేలు, మా ఆవిడది 30 వేలు. ఇంటి ఖర్చు 55 వేలు. ఉప్పల్‌లో సొంతిల్లుంది, అప్పుల్లేవు. అద్దెకివ్వడానికి బాచుపల్లిలో 60 లక్షల ఫ్లాట్ చూశాం. 16 వేలు అద్దె వస్తుందట. ఎఫ్‌డీలో 7 లక్షలున్నాయి. తక్కువైంది పర్సనల్ లోన్, గోల్డ్ లోన్‌తో సర్దుకుంటాం. కొనవచ్చా?

జవాబు: ఇప్పుడే వద్దు. అద్దెతో ఈఎంఐ గడిచిపోతుందనే లెక్క చాలా ఇళ్లలో నడుస్తోంది. అందుకే మీ అంకెలు ఇక్కడే విప్పుతున్నాను.

బ్యాంకు ఇచ్చేది మహా అయితే 80 శాతం, 48 లక్షలు. మిగతా 12 లక్షలు మీరే తేవాలి. పైగా తెలంగాణలో రిజిస్ట్రేషన్ ఖర్చు 7.5 శాతం, అంటే ఇంకో నాలుగున్నర లక్షలు. ఎఫ్‌డీ మొత్తం ఊడ్చినా తొమ్మిదిన్నర లక్షలు తక్కువ.

48 లక్షలకు 8.5 శాతం వడ్డీతో, 20 ఏళ్లకు ఈఎంఐ 41,650 దాకా అవుతుంది. పర్సనల్ లోన్ 6 లక్షలు 13 శాతానికి దొరికినా ఐదేళ్లపాటు నెలకు 13,650. నగల మీద మూడున్నర లక్షలకు వడ్డీయే దాదాపు 2,900. మొత్తం 58 వేల పైమాటే. అద్దె పోగా 42 వేలు మీ జేబులోంచే.

ఇద్దరి జీతాలూ వస్తున్నన్నాళ్లూ నెట్టుకొస్తారు. ఆవిడ ఉద్యోగం మానేస్తే నెలకు 12 వేలు లోటు. మీ ఉద్యోగం పోతే 67 వేలు. ఫ్లాట్‌కు రెండు నెలలు టు-లెట్ బోర్డు వేలాడితే ఆ అద్దె కూడా ఉండదు. ఇంటి ఖర్చు, కిస్తీలు కలిపి ఆరు నెలలకు మీ దగ్గర 6.8 లక్షలుండాలి. మీ ఎఫ్‌డీ సరిగ్గా ఆ డబ్బే! దాన్నే తీసుకెళ్లి డౌన్ పేమెంట్‌లో పోస్తానంటున్నారు.

డౌన్ పేమెంట్‌కు పర్సనల్ లోన్ తీసుకోమన్నదెవరో గానీ, కిస్తీ రోజున ఆయన ఫోన్ ఎత్తడు. ముందే ఆ అప్పు చేస్తే హోమ్ లోన్ అర్హతా తగ్గుతుంది. దానికి తోడు నగలు తాకట్టా?

పన్ను కలిసొస్తుందనీ మురిసిపోకండి. కొత్త ఆదాయపు పన్ను విధానంలో, అద్దె కంటే లోన్ వడ్డీ ఎక్కువై వచ్చే నష్టాన్ని జీతంలో తగ్గించుకోలేరు. టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే ఇంట్లోవాళ్లకు డబ్బిచ్చే బీమా) ఊసే ఎత్తలేదు, లేకపోతే ఈ వారమే తీసుకోండి. ఫ్లాటా, మ్యూచువల్ ఫండ్లా అన్నది తర్వాతి మాట.

ఎఫ్‌డీని కదపకండి. ఆ 42 వేలు వచ్చే నెల నుంచే ఆర్‌డీలో (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) వేయండి. మూడేళ్లకు వడ్డీతో కలిపి దాదాపు పదహారున్నర లక్షలవుతాయి, అప్పుడు ఫ్లాట్లు చూడొచ్చు. బిల్డర్‌కు టోకెన్ అడ్వాన్స్ ఇచ్చారో లేదో రాయలేదు. ఇవ్వకపోతే ఇవ్వకండి.