కొండ కనబడింది, అల్లుడే కనబడలేదు

బిడ్డా,

నీ వ్యాసం అందింది. ఇరవై రెండు పేజీలు. ఒకసారి ఫోన్‌లో చదివేసరికి కళ్లు గుంజాయి, పక్క వీధిలో ప్రింటు తీయించుకుని డాబా మీద కూర్చుని మళ్లీ చదివాను. హనుమకొండలో మార్చి నెలాఖరంటే నీకు తెలియనిదా, సాయంత్రం ఆరైనా గచ్చు కాలుతూనే ఉంటుంది. ఆ వేడిలో కూర్చుని నీ మంచు గురించి ఇరవై రెండు పేజీలు చదివితే ఒక్కచోటైనా చలి పుట్టాలి కదా. పుట్టలేదు. ఎందుకు పుట్టలేదో చెప్పడానికే ఈ ఉత్తరం. మెచ్చుకునేవాళ్లు నీ ఫోన్‌లో బోలెడుమంది ఉంటారు, ఆ పని వాళ్లు చేస్తారు.

ముందుగా మీ ఇద్దరి తెగువ నాకు నచ్చిందని చెప్పాలి. పెళ్లయి ఇరవై రోజులు కాకముందే, ఒడిబియ్యం పోసిన చీర మడత ఇంకా నలగకముందే, కాజీపేటలో రైలెక్కి ఢిల్లీ, అక్కడి నుంచి డెహ్రాడూన్, మళ్లీ జీపులో పురోలా, మోరీ మీదుగా సాంక్రీ చేరి, సంచులు వీపున కట్టుకుని ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కాంఠా కొండ దారి పట్టారు. నా పెళ్లి 1986లో అయింది. మా హనీమూన్ వేములవాడ. ఆర్టీసీ బస్సులో మా అత్తమ్మ, ఇద్దరు ఆడబిడ్డలు, ఒక మరిది, పైగా కోడె మొక్కు. మా సారూ నేనూ పక్కపక్కన కూర్చున్నది కరీంనగర్ దాటాక దొరికిన ఆ ఒక్క గంటే, అదీ మధ్యలో కొబ్బరికాయల సంచి పెట్టుకుని. కాబట్టి మంచులో టెంట్ వేసుకున్న కొత్త జంట గురించి చదవాలని నాకెంత ఆశ ఉంటుందో నువ్వే ఆలోచించు.

దొరికిందేమిటి? ప్రకృతి ఒడి. వెండి కొండలు. తెల్లటి దుప్పటి కప్పుకున్న లోయ. దుప్పటి నాలుగుసార్లు వచ్చింది, ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టాను, చూసుకో. 12,500 అడుగులు అనే అంకె ఆరుసార్లు. మీ ఆయన మాత్రం మూడేసార్లు. ఒకసారి ఫొటో తీశాడు, ఒకసారి వాగు దగ్గర చెయ్యి అందించాడు, మూడోసారి “శిఖరం మీద మేమిద్దరం మైమరచిపోయాం” అన్న వాక్యంలో సగం వాటాకు వచ్చాడు.

ఆ వాక్యం దగ్గరే నేను ఆగిపోయాను. ఎందుకంటే తిరిగొచ్చిన మర్నాడు నాకు ఫోన్ చేసి నవ్వుకుంటూ నువ్వు చెప్పింది వేరే: “పైకి నేనొక్కదాన్నే పోయిన టీచర్, ఆయన టెంట్లనే పన్నడు, తలకాయ నొస్తున్నదని.”

మరి వ్యాసంలో ఇద్దరూ ఎలా ఎక్కారు?

నాకు అర్థం కాక అడగడం లేదు. కొత్త అల్లుడు, చుట్టాలందరూ చదువుతారు, “పిల్ల ఎక్కిందట, పిల్లగాడు పడిపోయిండట” అని నవ్వుతారు, అతని పరువు కాపాడాలనుకున్నావు. మంచి మనసే. కానీ ఆ ఒక్క అబద్ధం నిలబడాలంటే ఎన్ని నిజాలు తీసేయాల్సి వచ్చిందో గమనించావా? ముందు రోజు రాత్రి అతను అన్నం ముట్టలేదన్నది పోయింది. తలనొప్పి దాచిపెట్టాడని నీకు అనుమానం రావడం పోయింది. టెంట్‌లో గొంతు పెంచలేక, పక్క టెంట్‌వాళ్లకు వినబడకుండా గుసగుసగా మీరు చేసుకున్న మొదటి గొడవ పోయింది (ఇది చెప్పినప్పుడు నువ్వు ఫోన్‌లో ఎంత నవ్వావో, నేనూ అంత నవ్వాను). గైడ్ వచ్చి, తలనొప్పి ఉన్నవాళ్లను ఇంకా పైకి తీసుకుపోయేది లేదని తేల్చి చెప్పడం పోయింది. తెల్లవారుజామున మూడింటికి తల మీది లైటు వెలుగులో నువ్వొక్కదానివి బయల్దేరడం పోయింది. వీటన్నిటి ఖాళీ పూడ్చడానికే ఆ నాలుగు దుప్పట్లూ కప్పావు.

ఇంకో సంగతి కూడా ఉంది. నీ వ్యాసం చదివి రేపు ఇంకో కొత్త జంట అక్కడికి పోతుంది. అంత ఎత్తులో తలనొప్పి, వాంతి వచ్చేలా ఉండటం, ఆకలి లేకపోవడం అంటే ఒళ్లు ఆ ఎత్తుకు ఇంకా అలవాటు పడలేదని, అలాంటప్పుడు పైకి పోకూడదు, ముదిరితే వెంటనే కిందికి దిగాలి. మొహమాటానికి దాచిపెట్టే జబ్బు కాదది. కొత్త పెళ్లికొడుకులు దాచిపెడతారని నువ్వు కళ్లారా చూశావు. అది రాస్తే ఎవరికో పనికొస్తుంది. మైమరచిపోవడం ఎవరికీ పనికి రాదు.

ఇప్పుడు పదిహేడో పేజీ తియ్యి. “వేళ్లకు చలి పట్టకుండా మెట్టెలు తీసేశాను” అని అరవాక్యం ఉంది. దాన్ని అక్కడ పారేసి వెంటనే సూర్యోదయంలోకి పోయావు. బిడ్డా, నీ వ్యాసం మొత్తంలో నా ఒంట్లో జలదరింపు పుట్టిన చోటు అదొక్కటే. మెట్టెలు తొడిగి ఇరవై రోజులు. ఎట్టి పరిస్థితిలోనూ తీయొద్దని మీ అత్తమ్మ చెప్పే ఉంటుంది, మా అత్తమ్మ అయితే వేలు విరిగినా తీయనిచ్చేది కాదు. అలాంటిది పదకొండు వేల అడుగుల మీద, గుడ్డ టెంట్‌లో, రెండు జతల ఉన్ని సాక్సులు విప్పి వాటిని తీశారు. ఎవరు తీశారు? నువ్వా, అతనా? వేలు ఉబ్బి రాకపోతే ఏం రాశారు, వాజిలీనా? తీసేటప్పుడు అతను ఏమైనా అన్నాడా, లేక తలనొప్పితో కళ్లు మూసుకునే ఉన్నాడా? చలిలో వేలికి రక్తం సరిగా ఆడాలంటే బిగుతుగా ఉన్న ఉంగరాలూ మెట్టెలూ తీసేయడమే మంచిది, అది అందరికీ తెలిసిన కారణం, ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. తీసిన తర్వాత ఆ వేలు నీకెలా అనిపించింది, అది మాత్రం ఇంకెవ్వరూ రాయలేరు.

టెంట్ గురించి కూడా ఇంతే. “చల్లని రాత్రి, వెచ్చని ప్రేమ” అని రాశావు, నేను కొట్టేశాను. అసలు జరిగిందేమిటంటే ఎవరి స్లీపింగ్ బ్యాగ్ వాళ్లదే, మెడ దాకా జిప్పు, పత్తి మూటల్లా పక్కపక్కన పడి ఉన్నారు, చెయ్యి బయట పెడితే కొంకర్లు. కొత్త దంపతులకు దీన్ని మించిన తమాషా ఉందా? పొద్దున లేచేసరికి టెంట్ లోపలి గుడ్డ మీద తెల్లగా మంచు కట్టిందని, తగిలితే మొహం మీద రాలిందని ఫోన్‌లో చెప్పావు. అది పైనుంచి కురిసిన మంచు కాదు. రాత్రంతా మీ ఇద్దరూ వదిలిన ఊపిరే, చల్లటి గుడ్డకు తగిలి గడ్డకట్టింది. ఇద్దరి ఊపిరీ కలిసి పొద్దున్నే మొహం మీద రాలిందని తెలిసి కూడా, వెచ్చని ప్రేమ అని రాయబుద్ధి ఎలా అయింది నీకు?

భాష. ఆ వాగు దగ్గర చెయ్యి అందిస్తూ అల్లుడి చేత “నీవు అలసిపోయావా?” అనిపించావు. నర్సంపేట పిల్లగాడు ఏ రోజైనా అట్లా మాట్లాడాడా? “కాళ్లు గుంజుతున్నయా, జర కూసుందమా?” అని ఉంటాడు. అట్లనే రాయి. కాళోజీ పుట్టిన సెప్టెంబరు 9ని ప్రతి ఏడూ తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకునే ఊళ్లో ఉండి, ఇంట్లో మాట్లాడుకునే మాట కాగితం మీద పెట్టడానికి సిగ్గుపడితే ఎలా? వర్ణన నీ ఇష్టం వచ్చిన తెలుగులో రాసుకో, మనిషి నోరు తెరిస్తే మాత్రం అతని మాటే రావాలి. గైడ్‌తో మీరు మాట్లాడిన వచ్చీరాని హిందీ కూడా ఉంచు, దాన్ని శుభ్రం చేయకు.

కొన్ని తప్పులు సవరించాను. పైకి పోతుంటే గాలిలో ఆక్సిజన్ శాతం తగ్గిందని రాశావు. శాతం తగ్గదు, అక్కడా ఇక్కడా 21 దగ్గరే. గాలే పలచబడుతుంది, అందుకని ఒక్కో ఊపిరికి అందేది తగ్గుతుంది. ఇది నా గొప్ప కాదు, మా సారు సైన్సు టీచర్‌గా రిటైరయ్యారు కాబట్టి పట్టుకున్నారు. అన్నం పలుకుగా ఉందని వంటతన్ని తిట్టావు చూడు, అదీ ఆయనే చెప్పారు, ఆ ఎత్తులో నీళ్లు 90 డిగ్రీల లోపే మరిగిపోతాయట, ఇక ఎంతసేపు మరిగితే ఏం లాభం, కుక్కర్ లేకపోతే మెతుకు మెత్తబడదు. ఆ వంటతనికి వ్యాసంలోనైనా క్షమాపణ చెప్పుకో. జూడా కా తాలాబ్ అనే గడ్డకట్టిన చెరువు గురించి రెండు పేజీలు రాశావు, ఒకటి చాలు. జూడా అంటే జుట్టు ముడి, శివుడి జుట్టుతో కలిపి అక్కడివాళ్లు కథ చెప్పుకుంటారు. నాలుగు రోజులు జడ విప్పి దువ్వుకోలేక నువ్వు పడిన బాధ అక్కడే రాయి, ఇంకెక్కడా అంత బాగా కుదరదు. బురాన్స్ పూల పేరా ముట్టుకోలేదు, ఎర్రగా నేల మీద రాలిన పూవును మన మోదుగు పూవుతో పోల్చావు, బాగుంది.

ఇక శిఖరం. “ఎదురుగా స్వర్గారోహిణి కనువిందు చేసింది” అని ఒక లైను రాసి దాటేశావు. రేగొండ దగ్గర పాండవుల గుట్టకు స్కూలు పిల్లలుగా మిమ్మల్నందర్నీ తీసుకుపోయింది నేనే కదా, బండల మధ్య కూర్చుని పులిహోర తింటూ భారతం చివరి కథ చెప్పించుకున్నారు. స్వర్గానికి నడిచిపోతుంటే అందరికంటే ముందు పడిపోయింది ద్రౌపది. ధర్మరాజు వెనక్కి తిరిగి చూడలేదు. పాండవులు ఎక్కి పోయింది ఆ స్వర్గారోహిణి మీదుగానే అని అక్కడి జనం నమ్ముతారు. ఇప్పుడు నువ్వు ఆ కొండకెదురుగా నిలబడ్డావు. పైన ఉన్నది పెళ్లాం, కింద పడుకున్నది మొగుడు. నువ్వు వెనక్కి తిరిగి చూశావా? చూస్తే అతనున్న టెంట్ కనబడిందా? నేనైతే ఆ ఒక్క నిమిషం కోసం మిగతా పేజీలన్నీ చింపేసేదాన్ని. కానీ జాగ్రత్త, దాన్ని సాగదీసి ద్రౌపది మీద ఉపన్యాసం ఇవ్వకు, రెండు వాక్యాలు పెట్టి వదిలెయ్యి, భారతం తెలియని తెలుగువాళ్లు లేరు. మన వైపు గుట్ట ఎక్కిన ఆడదాని కథ చెప్పుకోవడం కొత్త కూడా కాదు, మేడారం సమ్మక్క ఎక్కిపోయిన చిలకలగుట్ట ఎక్కడుందో అందరికీ తెలుసు.

ఇదంతా విని నువ్వు ఈ రాత్రికే కూర్చుని రాసి ఏదో పత్రికకు పంపేస్తావేమో, ఆగు. 1993లో నేనొక కథ రాశాను, ఆదివారం అనుబంధంలో వచ్చింది. అందులో ఒక స్కూలు మాస్టారు, చీకటంటే భయం, రాత్రి బావి దగ్గరికి పోవాలంటే భార్యను తోడు పిలుస్తాడు. పేరు మార్చాను, ఊరు మార్చాను, కానీ భుజం మీద తువ్వాలు మార్చలేదు. సోమవారం స్టాఫ్‌రూంలో ఒకాయన ఆ కథ పైకి చదివాడట. మా సారు ఇంటికొచ్చి పది రోజులు నాతో మాట్లాడలేదు, కంచం ముందు పెడితే తినేవారు, తీస్తే లేచేవారు. కథ బాగుందని నాకు పదకొండు కార్డులు వచ్చాయి, ఒక్కటి కూడా సంతోషంగా చదువుకోలేకపోయాను. పదకొండో రోజు ఆయన అన్న మాట, “అడిగితే వద్దంటనా? బావి దగ్గర పాము కనబడ్డ సంగతి నువ్వు రాయనే లేదు.” అంటే కథలో అసలైన ముక్క ఆయన దగ్గరే ఉండిపోయింది, అడగలేదు కాబట్టి నాకు దొరకలేదు.

నువ్వు అడుగు. తలనొప్పి సంగతి, టెంట్‌లో ఒక్కడే పడుకున్న ఆ ఏడెనిమిది గంటల సంగతి, నువ్వు వెళ్లిపోయాక అతనేం చేశాడన్నది. అది నీకూ తెలియదు, నిజం చెప్పు, తెలుసా? అతను ఒప్పుకుంటే రాయి. ఒప్పుకోకపోతే “పైకి నేనొక్కదాన్నే వెళ్లాను” అని మాత్రం రాసి కారణం చెప్పకు. చెప్పకపోవడం వేరు, ఇద్దరం ఎక్కామనడం వేరు.

ప్రింటు మీద ఎర్ర గీతలన్నీ పెట్టి ఉంచాను, పోస్టులో పంపను. వచ్చే ఆదివారం ఇద్దరూ రండి, సకినాలు ఉన్నాయి. తలనొప్పి కథ విన్నప్పటి నుంచి మా సారుకు అల్లుడి మీద ఎక్కడలేని అభిమానం పుట్టుకొచ్చింది, వాళ్లిద్దర్నీ ముందు గదిలో కూర్చోబెట్టి మనం మన పని చూసుకుందాం.

వచ్చేలోపు ఒక్కటి కనుక్కుని రా. నువ్వు పైకి పోయినప్పుడు ఆ మెట్టెలు ఎవరి దగ్గర ఉన్నాయి?

పైలం.

నీ టీచర్