చిన్నమ్మాయికి, కోపం గురించి

చిరంజీవి చిన్నమ్మాయికి పెద్దనాన్న ఆశీస్సులు.

స్టోయిక్కులను, అంటే మనసును అదుపులో పెట్టుకోమని బోధించిన ఆ పాతకాలపు గ్రీకు, రోమన్ తాత్వికులను, చదువుతున్నా ఆఫీసులో నోరు అదుపులో ఉండటం లేదని రాశావు. చదివితే తగ్గే జబ్బు కాదమ్మా అది. వాళ్లు కూడా రోజూ సాధన చేసినవాళ్లే.

ముందు వాళ్లలో రోమన్ రచయిత సెనెకాను పట్టుకో. కోపం మీద మూడు భాగాల గ్రంథమే రాశాడు. కోపానికి పెద్ద మందు ఆలస్యమేనంటాడు. రాజీనామా ఉత్తరం టైపు చేసి పెట్టుకున్నానన్నావు కదా, నాలుగు రోజులు అలాగే ఉండనీ. అప్పటికీ పంపాలనిపిస్తే నిక్షేపంగా పంపు.

మూడో భాగంలో తన రాత్రి అలవాటు చెబుతాడు. దీపం తీసేశాక, ఈ సంగతి తెలిసిన భార్య మాట్లాడకుండా ఊరుకుంటే, ఆ రోజు చేసినవీ అన్నవీ ఏదీ దాచుకోకుండా తిరగేసుకునేవాడట. ఆ వాదనలో మరీ దూకుడుగా మాట్లాడావు. ఫలానావాడిని అవసరానికి మించి మందలించావు, వాడు బాగుపడలేదు సరికదా, నొచ్చుకున్నాడు. ఇదీ వరస. ఆపైన, ఇంకెప్పుడూ ఇలా చేయకు, ఈసారికి క్షమించాను అనుకుని హాయిగా నిద్రపోతాడు. మనలో చాలామంది ఈ చివరి ముక్క వదిలేసి తెల్లవార్లూ కుమిలిపోతారు. నువ్వూ ఆ బాపతే, నాకు తెలుసు.

నువ్వు చేసేటప్పుడు ఫోను పక్క గదిలో పెట్టు. రోజంతా తవ్వక్కర్లేదు, ఒక్క సంఘటన తీసుకో. నువ్వన్న మాటను ఉన్నదున్నట్టు, అదే గొంతుతో మనసులో మళ్లీ అనుకో. ‘కాస్త గట్టిగా చెప్పాను, అంతే’ అని సర్దేసుకున్నావో, ఆ రాత్రి పని వృథా.

పొద్దుటి పనికి మరో స్టోయిక్కు ఎపిక్టెటస్ ఉన్నాడు. బానిసగా బతికి, తర్వాత గురువైనవాడు. స్నానశాలకు బయలుదేరే ముందే అక్కడ నీళ్లు చిమ్మేవాళ్లు, తోసేవాళ్లు, తిట్టేవాళ్లు, దొంగిలించేవాళ్లు ఉంటారని తలచుకోమంటాడు. సోమవారం మీటింగులో నీ మాటకు అడ్డుతగిలే మనిషి ఉంటాడని నీకూ తెలుసు. తెలిసి కూడా ప్రతి సోమవారం కొత్తగా ఆశ్చర్యపోతావెందుకు?

అలాగని అన్యాయాన్ని సహించమని కాదు. స్టోయిక్కులు లెక్కపెట్టిన నాలుగు సద్గుణాల్లో న్యాయం ఒకటి, ధైర్యం ఒకటి. నీ పనికి మరొకరు పేరు కొట్టేస్తే అడుగు. గొంతు పెంచకుండా అడుగు.

సెనెకా రోమన్ చక్రవర్తి నీరో కొలువులో బోలెడంత ఆస్తి కూడబెట్టాడు కదా, ఆయన నీతులేమిటి అంటారు కొందరు. బతికుండగానే అన్నారు. అననీ, మందు పనిచేస్తే చాలు.

మార్కస్ అరీలియస్ జోలికి ఇప్పుడే వెళ్లకు. యుద్ధాల మధ్య ఆ రోమన్ చక్రవర్తి తనకోసం గ్రీకులో రాసుకున్న మాటలవి. పునాది లేకుండా చదివితే గోడకు అంటించుకునే సూక్తుల్లా కనిపిస్తాయి. ఎపిక్టెటస్ బోధలను శిష్యుడు అరియన్ కుదించి కూర్చిన చిన్న పుస్తకం ముందు ముగించు. 53 అధ్యాయాలే, చాలావరకు కొద్ది వాక్యాలవే.

మీ నాన్నకు మాత్రం ఈ పాఠాలు మొదలుపెట్టకు. మా తమ్ముడి కోపం సంగతి నేను చూసుకుంటాను.

మీ పెద్దనాన్న